ఆంగ్లమునందలి జంటక్రియలు

మన బాలబాలికలు ఆంగ్లభాష నభ్యసించునపుడు పెద్దమాటలకు భయపడుదురేగాని చిన్నమాటలకు భయపడరు. నిజమునకు భయపడవలసినది చిన్నమాటలకే. "ఎక్స్‌టింగ్విష్" అను మాట చూచుటకు గంభీరముగా నుండును. కాని దానికి ముఖ్యార్థ మొకటే, ఆర్పుట యని. ఒకమారు నేర్చినచో అది మరల మోసము చేయదు. "పుట్" అను మాటయు "అవుట్" అను మాటయు మొదటి వాచకములోనివే. "పుట్" అనగా పెట్టుట; "అవుట్" అనగా బయట. ఈ రెండింటిని మాత్రమే యెరిగిన బాలుడు "పుట్ అవుట్ ద ల్యాంప్" అని వినినపుడు దీపమును తీసికొనిపోయి వీధి యరుగుమీద పెట్టవచ్చును. చెప్పినవారి యుద్దేశము దీపము నార్పుమని మాత్రమే.

ఇట్లు ఒక చిన్న క్రియయు, దాని వెంట నొక చిన్నమాటయు కలసి, ఆ రెండింటిలో దేనియందును లేని క్రొత్త యర్థమును పుట్టించునపుడు ఆ జంటను ఆంగ్లవైయాకరణులు "ఫ్రేజల్ వెర్బ్" అందురు. మేము ఈ వ్యాసమున దానిని జంటక్రియ యనియు, క్రియవెంట వచ్చు చిన్నమాటను తోడుమాట యనియు పిలిచెదము. పెద్దతరగతుల విద్యార్థులకును, వారి చదువును కనిపెట్టి చూచు తలిదండ్రులకును ఉపయోగపడునట్లు ఈ జంటక్రియల స్వభావమును, వానిని నేర్చుకొను మార్గమును వివరించుట మా యుద్దేశము.

ఇది పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న మాత్రమే కాదు. మన గోదావరి డెల్టా గ్రామములనుండి యెందరో యువకులును యువతులును ఆసుపత్రులలో నర్సులుగను, కార్యాలయములలో గుమాస్తాలుగను, ఇంజనీరులుగను పనిచేయుటకు దూరప్రాంతములకు పోవుచున్నారు. గల్ఫుదేశములకును, ఇంగ్లాండునకును, అమెరికాకును పోవువారును గలరు. వారిలో పలువురు వ్యాకరణదోషము లేకుండ వ్రాయగలవారే. కాని అచ్చట వారి చెవిని బడు ఆంగ్లము పాఠ్యపుస్తకములోని యాంగ్లము కాదు. పై యధికారి రెండు చిన్నమాటలతో నొక యుత్తరువు చెప్పిపోవును. అది బోధపడనివాడు అడుగుటకు సిగ్గుపడి "యస్ సర్" అని యూరకుండును. ఆ "యస్ సర్" వలన కలుగు నష్టము ఒక్కొక్కప్పుడు చిన్నది కాదు. అందుచేతనే ఈ విషయమును మేము కొంచెము విరివిగా వ్రాయుచున్నాము.

పూర్వులు గుర్తించిన కష్టము

ఈ కష్టము మనకు మాత్రమే తెలిసినది కాదు. శామ్యూల్ జాన్సను పండితుడు 1755వ సంవత్సరమున తన గొప్ప ఆంగ్లనిఘంటువును ప్రకటించుచు, దాని పీఠికలోనే ఈ సంగతిని ప్రస్తావించెను. క్రియవెంట చిన్నమాటను చేర్చి యర్థమును మార్చు నలవాటు ఆంగ్లమున మిక్కుటమనియు, పరదేశీయులకు మిక్కిలి కష్టము కలిగించునది ఇదియే యనియు నాతడు గుర్తించి, అట్టి ప్రయోగములను శ్రద్ధతో నిఘంటువున కెక్కించెను. "ఫ్రేజల్ వెర్బ్" అను పేరు మాత్రము చాలకాలమునకు వ్యాప్తిలోనికి వచ్చినది. లోగన్ పియర్సల్ స్మిత్ అను గ్రంథకర్త 1925లో ప్రకటించిన "వర్డ్స్ అండ్ ఇడియమ్స్" అను పుస్తకమున ఆ పేరును వాడి, దానిని తనకు సూచించినవాడు ఆక్స్‌ఫర్డు నిఘంటువు సంపాదకులలో నొకడైన హెన్రీ బ్రాడ్లీ యని చెప్పెను.

1930లో సి. కె. ఆగ్డెను అను నాతడు 850 మాటలతోనే సర్వవిషయములను చెప్పవచ్చునని "బేసిక్ ఇంగ్లీష్" అను సంక్షిప్తభాష నొకదానిని ఏర్పరచెను. అందు క్రియలు 18 మాత్రమే. తక్కిన క్రియలన్నిటి పనిని ఆ 18 క్రియలే తోడుమాటల సాయముతో చేయవలయును. ప్రవేశించుటకు "గో ఇన్", ఆర్పుటకు "పుట్ అవుట్", వాయిదావేయుటకు "పుట్ ఆఫ్". చూచుటకు విద్యార్థి భారము తగ్గినట్లే యుండును. కాని మాటలు తగ్గినను జంటలు తగ్గలేదు. ఒక్కొక్క జంటను మరల నొక క్రొత్త మాటవలెనే నేర్చుకొనవలసి యుండెను. దీనినిబట్టి మనము గ్రహింపవలసిన దేమనగా, జంటక్రియను రెండు మాటలుగా నెంచరాదు. రెండు భాగములుగల యొకే మాటగా నెంచవలయును.

మన తెలుగున నిట్టివి లేవా?

జంటక్రియలు ఆంగ్లేయుల వింత యని తలంచువారు తమ నోటి తెలుగును ఒక్కమారు పరీక్షించుకొందురుగాక. "వెనుకబడు" అను మాటను చూడుడు. వెనుక అనునది స్థానమును తెలుపు చిన్నమాట. పడు అనునది క్రియ. చదువులో వెనుకబడినవాడు నిజముగా నెచ్చటను పడలేదు. ఆంగ్లేయుడు దీనినే "ఫాల్ బిహైండ్" అనును. మాటకు మాట సరిపోయినది. "లోబడు" అనునది లో, పడు అను రెండింటి కలయిక. దాని యర్థము "గివ్ ఇన్". కష్టపడి "పైకివచ్చిన" వాడు మేడ యెక్కినవాడు కాదు. "బయటపడిన" రహస్యము గుమ్మము దాటినది కాదు. కోర్టులో దావాను "కొట్టివేసి"నపుడు ఎవరును ఎవరిని కొట్టలేదు; ఆంగ్లేయుడును ఆ సందర్భముననే "త్రో అవుట్" అనును, ఎవరును దేనిని విసరకున్నను.

ఇంకను మన క్రియలచివర చేరు "పోవు", "వేయు" అనువానిని గమనింపుడు. "ఎండినది" అనుటకును "ఎండిపోయినది" అనుటకును భేదము గలదు. రెండవదానియందు పని పూర్తియైనదను భావము గలదు. ఆంగ్లమున నీ పనిని "అప్", "డౌన్", "అవే" మొదలగు తోడుమాటలు చేయును. చెరువు ఎండిపోయిన "డ్రైడ్ అప్". కాలువ పూడిపోయిన "సిల్టెడ్ అప్". ఇల్లు కాలిపోయిన "బర్న్ట్ డౌన్". వరదలో గట్టు కొట్టుకొనిపోయిన "వాష్డ్ అవే". కాగితము చింపివేసిన "టోర్ అప్". అన్నమంతయు తినివేసిన "ఏట్ అప్". 1986 ఆగస్టు నెలలో వచ్చిన గోదావరి వరదను చూచిన పెద్దలు ఆనాటి సంగతులు చెప్పునపుడు ఎన్నిమారులు "కొట్టుకొనిపోయినది", "మునిగిపోయినది", "కూలిపోయినది" అందురో లెక్కించి చూడుడు. ఆ కథ నాంగ్లమున చెప్పవలసివచ్చినచో జంటక్రియలు లేక ఒక్క వాక్యమును ముందునకు సాగదు.

కావున ఆంగ్లేయుడు తెలుగు నేర్చునపుడు పడు శ్రమయు, మనము ఆంగ్లము నేర్చునపుడు పడు శ్రమయు ఒకటియే. రాజమహేంద్రవరమునందును ఉద్యోగము చేసిన సి. పి. బ్రౌను దొరగారి తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో, అనగా ధవళేశ్వరమున కాటను దొరగారి మొదటి ఆనకట్ట పూర్తియైన సంవత్సరముననే, వెలువడినది. బందరున నుండిన ఆర్డెను దొరగారు 1873లో ఆంగ్లేయుల కుపయోగించునట్లు తెలుగు వ్యాకరణమును ప్రకటించిరి. "కొట్టు", "పడు", "వేయు", "పెట్టు" అను నాలుగు క్రియలు చేయు నన్ని పనులను పరదేశీయునకు బోధించుట యెంతటి పనియో ఊహింపవచ్చును. "కుదువపెట్టు", "బయటపెట్టు", "మొదలుపెట్టు", "చాడీలు పెట్టు" అను వానిలో పెట్టుట యెచ్చట నున్నది? మనకు తెలియకయే మనము నేర్చినవి గనుక ఇవి మనకు వింతగా తోపవు. ఆంగ్లబాలునకు "పుట్ అప్ విత్" అట్టిదే.

తోడుమాటల స్వభావము

జంటక్రియల యర్థమును పూర్తిగా ఊహించుట సాధ్యము కాదుగాని, బొత్తిగా నాధారము లేనిదియు కాదు. తోడుమాట కొక సహజస్వభావము గలదు. దానిని పట్టుకొన్నచో సగము దారి నడచినట్లే. ముఖ్యమైన వానిని మాత్రము చెప్పెదము.

"అప్" అనగా పైకి. అందుండియే పెరుగుట, వృద్ధిపొందుట అను భావము వచ్చినది: "గ్రో అప్" పెద్దయగుట, "బ్రింగ్ అప్" పెంచుట. మఱియు పని పూర్తియగుట అను భావము: "ఫినిష్ అప్", "యూజ్ అప్", "ఫిల్ అప్".

"డౌన్" అనగా క్రిందికి. తగ్గుట, ఆగుట, చెడుట దీని భావములు: "స్లో డౌన్" వేగము తగ్గుట, "బ్రేక్ డౌన్" బండి చెడి నిలిచిపోవుట. కాగితముపై నక్కరములు దిగుటయు నిందులోనే చేరును: "రైట్ డౌన్", "నోట్ డౌన్".

"అవుట్" అనగా బయటికి. బయలుపడుట యందుండి "ఫైండ్ అవుట్" తెలిసికొనుట. పంచుట యందుండి "గివ్ అవుట్". ఆరిపోవుట, అయిపోవుట యందుండి "గో అవుట్", "రన్ అవుట్". దీపము "వెంట్ అవుట్" అనిన ఆరిపోయినది.

"ఆఫ్" అనగా విడిపోవుట. విడిచి బయలుదేరుట "సెట్ ఆఫ్". విడదీయుట "కట్ ఆఫ్". ఆపివేయుట "స్విచ్ ఆఫ్". మానివేయుట "కాల్ ఆఫ్". విద్యుద్దీపముల కాలమున "ఆన్ చేయుట", "ఆఫ్ చేయుట" అని యీ రెండు తోడుమాటలు తెలుగులోనికే వచ్చి మన యవ్వలనోట గూడ నిలిచిపోయినవి. క్రియను విడిచి తోడుమాటను మాత్రమే మనము తీసికొంటిమి. అర్థభారమంతయు దానియందే యున్నదని మనవారు కనిపెట్టినట్లున్నది.

"ఆన్" అను దానికి సాగించుట యను భావమును గలదు: "గో ఆన్", "క్యారీ ఆన్". "ఓవర్" అనగా మీదుగా, మొదటినుండి చివరవరకు: "థింక్ ఓవర్" బాగుగా నాలోచించుట, "హ్యాండ్ ఓవర్" అప్పగించుట. "అవే" అనగా దూరముగా: "త్రో అవే" పారవేయుట, "పుట్ అవే" వస్తువును దాని చోట సర్దిపెట్టుట.

అయితే ఒక హెచ్చరిక. ఒకే జంటకు పెక్కు అర్థము లుండవచ్చును. చొక్కాను "టేక్ ఆఫ్" చేసిన విప్పుట. మధురపూడి విమానాశ్రయమున విమానము "టేక్ ఆఫ్" చేసిన పైకెగురుట. "మేక్ అప్" అను దానికి కథ కల్పించుట, తగవు తీర్చుకొని మరల స్నేహమగుట, తప్పిపోయిన పనిని పూర్తిచేయుట, ముఖాలంకారము చేసికొనుట అని నాలుగైన నర్థములు గలవు. సందర్భమే తీర్పరి. కావున జంటను వినగానే అర్థమును నిశ్చయింపక వాక్యము చివరవరకు వినుట యలవరచుకొనవలయును.

వాక్యములో వాని స్థానము

తెలుగున "వెనుకబడు", "కొట్టివేయు" అనునవి విడదీయరాని మాటలు. ఆంగ్లమున నట్లుకాదు. అచ్చట క్రియకును తోడుమాటకును నడుమ మఱియొక మాట దూరవచ్చును. మన విద్యార్థులకు తప్పులు వచ్చునది ఇచ్చటనే గనుక నాలుగు విధములుగా విభజించి చూపెదము.

మొదటివి కర్మ నపేక్షింపనివి. "ద బస్ బ్రోక్ డౌన్", "వి గాట్ అప్ ఎర్లీ". వీనియందు చిక్కులేదు.

రెండవవి విడివడునవి. "టర్న్ ఆఫ్ ద ఫ్యాన్" అనవచ్చును. "టర్న్ ద ఫ్యాన్ ఆఫ్" అనియు ననవచ్చును. కాని ఫ్యాను అను నామమునకు బదులు "ఇట్" అను సర్వనామము వచ్చినచో అది నడుమనే యుండవలయును: "టర్న్ ఇట్ ఆఫ్". "టర్న్ ఆఫ్ ఇట్" అనుట తప్పు. ఈ యొక్క నియమమును కంఠస్థము చేసినవానికి సగము తప్పులు తొలగిపోవును.

మూడవవి విడివడనివి. "లుక్ ఆఫ్టర్ ద చైల్డ్", "లుక్ ఆఫ్టర్ హర్". "లుక్ హర్ ఆఫ్టర్" అనరాదు. "లుక్ ఫర్" వెదకుట, "లుక్ ఇంటు" విచారించుట అనునవియు నిట్టివే.

నాలుగవవి మూడుమాటలవి. "పుట్ అప్ విత్" సహించుట; "రన్ అవుట్ ఆఫ్" అయిపోవుట; "లుక్ ఫార్వర్డ్ టు" ఆశతో నెదురుచూచుట. ఇంటిలో బియ్యము అయిపోయినవని చెప్పుటకు "వి హావ్ రన్ అవుట్ ఆఫ్ రైస్" అందురు. తెలుగున బియ్యమే కర్త. ఆంగ్లమున మనము కర్తలము. "లుక్ ఫార్వర్డ్ టు" తరువాత "సీ" అని వ్రాయక "సీయింగ్" అని వ్రాయవలయును. ఉద్యోగపు దరఖాస్తుల చివర తరచుగా కనబడు తప్పు ఇది.

ఇంకొక సూక్ష్మము. "హి రేన్ అప్ ద బండ్" అనగా గట్టుమీదికి పరుగెత్తెను. "హి రేన్ అప్ ఎ బిల్" అనగా కొట్టులో బాకీ పెంచెను. రెండును చూచుట కొక్కటే. మొదటిదానిలో "అప్" గట్టునకు చెందినది. రెండవదానిలో "రేన్" అను క్రియకు చెందినది. కనుక బాకీని గురించి "హి రేన్ ఇట్ అప్" అనవచ్చును. గట్టును గురించి అట్లనరాదు. చదువునపుడును విడివడు జంటలలో తోడుమాటను కొంచెము ఒత్తి పలుకుదురు. పెద్దగా చదువు నలవాటుగల విద్యార్థి చెవియే ఈ భేదమును క్రమముగా పట్టుకొనును.

ఎచ్చట వాడవలయును?

ఇంగ్లాండును నార్మనులు 1066లో జయించిన తరువాత కోర్టులలోను, ప్రభువుల యిండ్లలోను ఫ్రెంచిభాష చెల్లినది. పండితులకు లాటిను ముందునుండియే గలదు. పొలములోను వంటయింటిలోను పాత ఆంగ్లమే నిలిచినది. నాటినుండి ఆంగ్లమున ఒకే భావమునకు రెండు వరుసల మాటలు ఏర్పడినవి. "టాలరేట్", "ఇన్వెస్టిగేట్", "పోస్ట్‌పోన్", "డిస్కవర్" అనునవి సభకు వచ్చు మాటలు. "పుట్ అప్ విత్", "లుక్ ఇంటు", "పుట్ ఆఫ్", "ఫైండ్ అవుట్" అనునవి ఇంటి మాటలు. మనకిది క్రొత్తగాదు. మనమును సభలో "అగ్ని" యనియు, ఇంటిలో "నిప్పు" అనియు. అర్జీలో "గృహము" అనియు, అమ్మతో "ఇల్లు" అనియు చెప్పుచున్నాము గదా. జంటక్రియలు ఆంగ్లము యొక్క తేటతెనుగు వంటివి.

మన విద్యార్థులు మొదట నేర్చునది గ్రంథముల ఆంగ్లము. అందుచే వారు స్నేహితునకు వ్రాయు లేఖలో గూడ "ఐ షల్ కమెన్స్ మై జర్నీ" అని వ్రాయుదురు. తప్పు లేదు, కాని అది పెండ్లిబట్టలతో పొలమునకు పోయినట్లుండును. "ఐ విల్ సెట్ ఆఫ్" అనిన సరిపోవును. ఇట్టి యనుభవము ఎదుటివైపునను గలదు. 1907 ప్రాంతమున ఉత్తరపు జిల్లాల పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా నుండిన జె. ఎ. యేట్సు దొరగారు తాను పుస్తకములలో చదివిన తెలుగు ప్రజల నోట వినబడకుండుట గమనించి, ఆ భేదమును గూర్చి విచారింప మొదలిడిరి. ఆ విచారణయే గిడుగు రామమూర్తి పంతులుగారిని వ్యావహారికభాషోద్యమమునకు పురికొల్పిన కారణములలో నొకటి. కడపటి సంవత్సరములలో రాజమహేంద్రవరమున నివసించి 1940లో మరణించిన ఆ మహనీయుడు చెప్పిన సంగతి సర్వభాషలకును చెల్లును: జీవముగల భాష ప్రజల నాలుకమీద నుండును.

అట్లని అర్జీలలో జంటక్రియలను గుప్పింపరాదు. కలెక్టరుగారికి వ్రాయు అర్జీలో విచారణను గూర్చి "ఇన్వెస్టిగేట్" అనుటయు, పరీక్షను వాయిదావేయుమని కోరునపుడు "పోస్ట్‌పోన్" అనుటయు మర్యాద. అయితే జంటక్రియలన్నియు మొరటువి యనుకొనుటయు సరిగాదు. "క్యారీ అవుట్", "సెట్ అప్" అనునవి ప్రభుత్వపు ఉత్తరువులలోనే కనబడును. "గ్రో అప్", "గెట్ అప్" అనువానికి బదులు సహజమైన మఱియొక మాట దొరకుట కష్టము. మాట తగినదో కాదో తెలియనపుడు అది యెవరికి, ఏ సందర్భమున వ్రాయుచున్నామని ప్రశ్నించుకొనుటయే మార్గము.

అపార్థములు, వాని ఫలములు

కొన్ని జంటలలో ఒక్క తోడుమాట మారిన కార్యమే మారిపోవును. సభను "పుట్ ఆఫ్" చేసిరనిన మఱియొకనాడు జరుగును. "కాల్ ఆఫ్" చేసిరనిన జరుగనే జరుగదు. దరఖాస్తును "టర్న్ డౌన్" చేసిరనిన నిరాకరించిరి. అభ్యర్థి "టర్న్ అప్" అయ్యెననిన హాజరయ్యెను. ఈ భేదము తెలియనివాడు రాని యుద్యోగమునకై మూట కట్టుకొని యెదురుచూచును.

ఆసుపత్రిలో నిది మఱింత ముఖ్యము. నర్సుపని నేర్వగోరు మన బాలికలు ఈ కొన్నిటిని తప్పక యెరుగవలయును. రోగి "పాస్డ్ అవుట్" అనిన స్మృతి తప్పెను. "పాస్డ్ అవే" అనిన మరణించెను. "కేమ్ రౌండ్" అనిన చుట్టు తిరిగి వచ్చెనని కాదు, తెలివి వచ్చెనని. "త్రూ అప్" అనిన వాంతి చేసికొనెను. "బ్రాట్ అప్ బ్లడ్" అనిన రక్తము కక్కెను. కాని "షి వజ్ బ్రాట్ అప్ బై హర్ గ్రాండ్‌మదర్" అనిన అమ్మమ్మ పెంచిన పిల్ల యని యర్థము. "కేమ్ డౌన్ విత్ ఫీవర్" అనిన జ్వరము తగ్గెనని యనుకొందుము. నిజమునకు జ్వరమున పడెను. నొప్పిమందు "వోర్ ఆఫ్" అనిన దాని బలము తగ్గిపోయినది, నొప్పి మరల వచ్చునని హెచ్చరిక. దూరదేశమునుండి కుమారుడు "ఫాదర్ పాస్డ్ అవుట్ యెస్టర్డే, బట్ కేమ్ రౌండ్" అని వ్రాసినచో ఇంటిలో ఏడ్పులు మొదలుపెట్టనక్కరలేదు. ముసలాయన సొమ్మసిల్లి తేరుకొనినాడని మాత్రమే యర్థము.

ఈ "పాస్ అవుట్" అను జంటకే మన దేశమున మఱియొక యర్థము వచ్చినది. పాఠశాలనుండి చదువు ముగించి బయటికి వచ్చుటకు మనవారు "పాస్డ్ అవుట్" అందురు. బ్రిటిషు సైనికశిక్షణాలయములలో శిక్షణ ముగించువారి కవాతును "పాసింగ్ అవుట్ పెరేడ్" అందురు. ఆ ప్రయోగమునకు దగ్గరిది మనది. మన దేశమున దీనివలన చిక్కు లేదు. కాని పరదేశమున "ఐ పాస్డ్ అవుట్ ఆఫ్ స్కూల్" అనిన వినువారు కనుబొమలు ముడుతురు. అచ్చటికి వ్రాయునపుడు "ఐ ఫినిష్డ్ స్కూల్" అనుట మేలు.

అక్కరలేనిచోట తోడుమాటను చేర్చుటయు మన యలవాటులలో నొకటి. "డిస్కస్ అబౌట్" అనరాదు, "డిస్కస్" చాలును. "రిటర్న్ బ్యాక్" అనరాదు. "రిటర్న్" అనుటలోనే మరలివచ్చుట గలదు. "కోప్ అప్ విత్" అనరాదు, "కోప్ విత్" అనవలయును. "కీప్ అప్ విత్" అనునది వేరు, అనగా వెనుకబడక సమముగా సాగుట. ఈ రెండింటిని కలిపి మూడవదానిని కల్పించుటచే ఈ తప్పు పుట్టినట్లు తోచును.

ఎదుటివారు చెప్పినది బోధపడనపుడు చేయవలసినది సులభము. "ఐ డిడ్ నాట్ ఫాలో దట్. కుడ్ యు సే ఇట్ అనదర్ వే?" అని మర్యాదగా నడుగవలయును. అడిగినవానిని ఎవరును తక్కువగా చూడరు. తెలిసినట్లు తలయూపి పని చెడగొట్టినవానినే తక్కువగా చూతురు.

నేర్చుకొను విధము

జంటక్రియల పట్టికను వల్లించుట వ్యర్థము. "గెట్" క్రింద నలువది జంటలను ఒక్కరాత్రి చదివినవానికి మరునాడు అవి యన్నియు కలసి పిండియగును. దానికి బదులు మేము మా తరగతులలో చెప్పు విధానము నిచ్చట వ్రాయుచున్నాము.

ఒక చిన్న నోటుపుస్తకము నుంచుకొనవలయును. చదివినపుడు గాని వినినపుడు గాని క్రొత్త జంట కనబడినచో జంటను మాత్రమే గాక వాక్యము నంతటిని వ్రాసికొనవలయును. దాని క్రింద అదే భావమును మన యింటిలో నెట్లందుమో ఆ తెలుగు వ్రాయవలయును. నిఘంటువు తెలుగు కాదు, అమ్మ పలుకు తెలుగు. పిదప తన జీవితమునకు సంబంధించిన యొక సొంతవాక్యము వ్రాయవలయును. దినమునకు రెండు చాలును. ఏడాదికి ఏడువందలకు మించును.

సందర్భమునుబట్టి కూర్చుకొనుట మఱియొక యుపాయము. తెల్లవారినది మొదలు రాత్రివరకు జరుగు పనులనే తీసికొనుడు. "వేక్ అప్" మేలుకొనుట; "గెట్ అప్" పక్కమీదనుండి లేచుట; ఈ రెండు పనులకు నడుమ కొందరు బాలురకు అరగంట పట్టుట మన మెరిగినదే. "పుట్ ఆన్" బట్టలు తొడుగుకొనుట. "సెట్ అవుట్" బయలుదేరుట. "హ్యాండ్ ఇన్" ఇంటిపని మాష్టరుగారికి నిచ్చుట. "గెట్ బ్యాక్" తిరిగివచ్చుట. "లై డౌన్" పండుకొనుట. ఇట్లే పొలము, కాలువ, బజారు, ఆసుపత్రి, రైలుస్టేషను అని యొక్కొక్క చోటునకు పది పది జంటలను కూర్చుకొనవచ్చును.

నిఘంటువును చూచు విధమును నేర్వవలయును. "లుక్ ఆఫ్టర్" కావలసినచో "లుక్" అను మాటక్రింద వెదకవలయును. పరదేశవిద్యార్థుల నిమిత్తమే ఎ. ఎస్. హార్న్‌బీ మొదలగువారు కూర్చిన నిఘంటువు 1942లో టోకియోనగరమున వెలువడినది. అదియే తరువాత ఆక్స్‌ఫర్డువారి ప్రసిద్ధ విద్యార్థినిఘంటువైనది. తరువాత జంటక్రియలకు ప్రత్యేకముగనే నిఘంటువులు వచ్చినవి. జంట విడివడునదో కాదో గూడ వానిలో తెలుపబడియుండును.

తలిదండ్రులకు ఒక మాట. ఆంగ్లము రాని తల్లి పిల్లవాని ఆంగ్లమునకు సాయపడలేదని యనుకొనరాదు. నోటుపుస్తకములోని వాక్యమును చదివించి, "దీనిని మన మేమందుము?" అని యడిగినచాలును. పిల్లవాడు తడబడక తెలుగున చెప్పినచో వానికి అర్థమైనట్లే. "అదేమో, పుస్తకములో నున్నది" అనినచో కానట్లే. ఈ పరీక్షకు డిగ్రీ యక్కరలేదు. మంచి తెలుగు తెలిసిన తల్లియే మేలైన పరీక్షాధికారి.

విద్యార్థులారా! పెద్దమాటలను నేర్చుట మానవలదు. వానికిని చోటు గలదు. కాని పెద్దమాటలతో నిండిన నోరు చిన్నమాట యెదుట మూగవోవుట మనవారి యందు తరచుగా కనబడుచున్నది. "పుట్", "గెట్", "టేక్", "లుక్" అను నాలుగు క్రియలను, "అప్", "డౌన్", "అవుట్", "ఆఫ్" అను నాలుగు తోడుమాటలను ముందుంచుకొని ఈ సెలవులలో మొదలుపెట్టుడు. ఏ జంట కుదురునో, ఏది కుదరదో, కుదిరినదాని కర్థమేమో వెదకి వ్రాసికొనుడు. పాఠశాల తెరచునాటికి ముప్పది వాక్యములుగల నోటుపుస్తకముతో వచ్చు విద్యార్థి, పెద్దవాడై యే యూరికి పోయినను, ఎదుటివారు చెప్పినదానికి తెలిసి "యస్" అనును. తెలియనిచో ధైర్యముగా నడుగును.